హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4: రెండు వేల గంటలు ఆడాక

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో నా లెక్క 2,140 గంటలు చూపిస్తోంది. అందులో ఓ వంద గంటలు ఆటని పాజ్‌లో పెట్టి అన్నం వండుకున్నవి. ఇంకో యాభై ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టి ఆడినవి (మా మేనేజర్‌కి తెలుగు రాదు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను). 2018లో బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడు రామ్మూర్తి నగర్‌లో అద్దె ఇల్లు, కొత్త లాప్‌టాప్, అదే ఆట. ఓడలు, విమానాలు, రాజకీయాల గురించి రాయడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. సైన్యాన్ని తయారుచెయ్యడం, దాన్ని నడిపించడం, ఈ రెండింటి దగ్గరే ఆగుతాను. ఆటలో నన్ను ఇన్నేళ్ళు కూర్చోబెట్టింది కూడా అవే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధం మీద స్వీడన్‌లో తయారైన కంప్యూటర్ ఆట, 2016 జూన్ 6న వచ్చింది. నార్మండీ తీరంలో సేనలు దిగిన తేదీ చూసుకుని మరీ వదిలారు. 1936 జనవరి 1న గానీ, 1939 ఆగస్టు 14న గానీ మొదలుపెట్టవచ్చు. ప్రపంచ పటంలో ఏదో ఒక దేశాన్ని ఎంచుకుంటాం. గడియారం నడుస్తూనే ఉంటుంది, మనకి కంగారు పుట్టినప్పుడల్లా స్పేస్‌బార్ నొక్కి ఆపుకోవాలి. మొదటి ఏడాది నా స్పేస్‌బార్ మీద అక్షరం ఉంటే అరిగిపోయేది.

నేను మొదట చేసిన తప్పు అందరూ చేసేదే. పోలాండ్ తీసుకున్నాను. జర్మనీ సరిహద్దు మీద ఎర్రగా కనబడగానే టెన్షన్ పట్టుకుని, ట్రైనింగ్‌లో ఉన్న డివిజన్లన్నిటినీ (అంటే పెద్ద సైనిక దళాలు) బయటికి లాగేశాను. ఆట ఒప్పుకుంటుంది కూడా: ట్రైనింగ్ 20 శాతం దాటితే చాలు, బలవంతంగా మోహరించవచ్చు. పటం నిండా నా సైనికులే. లెక్క చూసుకుని మురిసిపోయాను. రెండు వారాల్లో వార్సా పోయింది. అన్నం ఉడక్కముందే గంజి వార్చేసినట్టయింది.

ఎందుకు పోయిందో అర్థం కావడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. ఆటలో ప్రతి డివిజన్‌కీ అనుభవం మెట్లు ఐదు: గ్రీన్, ట్రెయిన్డ్, రెగ్యులర్, సీజన్డ్, వెటరన్. గ్రీన్ అంటే పచ్చివాళ్ళు, పోరాటంలో 25 శాతం కోత. రెగ్యులర్ అయితే 25 శాతం అదనం, వెటరన్‌కి 75. ఈ విషయం ఎక్కడుంటుందంటే, డివిజన్ బొమ్మ పక్కన వేలి గోరంత గుర్తులో. నేను దాన్ని అలంకారం అనుకున్నాను.

శిక్షణ రెండు విడతలు. కొత్తవాళ్ళు ట్రైనింగ్ పూర్తి చేసుకుని వస్తే ట్రెయిన్డ్ దాకా వస్తారు. ఆ తర్వాత ఎక్సర్‌సైజ్ గుండీ నొక్కితే రెగ్యులర్ దాకా ఎక్కుతారు. అంతకు పైన యుద్ధం చేస్తేనే. మరి ఎప్పుడూ ఎక్సర్‌సైజ్‌లోనే ఉంచితే పోలా అంటే, ఊరికే రాదు కదా. తుపాకులు అరుగుతాయి, బండ్లు పాడవుతాయి, 2019 తర్వాత ఇంధనం కూడా తాగుతాయి. స్టాక్‌లో రైఫిళ్ళు లేని దేశం కసరత్తు చేస్తే కసరత్తుకే కరిగిపోతుంది. కానీ చెయ్యకపోతే ఆర్మీ ఎక్స్‌పీ (సైన్యానికొచ్చే అనుభవం పాయింట్లు) రాదు. ఆ ఎక్స్‌పీ లేకపోతే డివిజన్‌లో ఏ దళం ఎన్ని ఉండాలో మార్చుకోలేం. 1936 నుంచి 1938 దాకా నా ఆట అంతా ఈ బేరమే. యుద్ధం మొదలవకముందు రెండేళ్ళు బోరు కొడుతుందని చాలామంది మానేస్తారు. నాకైతే ఆ రెండేళ్ళే ఆట.

డివిజన్ కూర్పు గురించి కొంచెం. ఏళ్ళ తరబడి అందరి నోటా ఒకటే మాట: ఏడు పదాతి బెటాలియన్లు, రెండు ఆర్టిలరీ (ఫిరంగి దళాలు). యుద్ధ క్షేత్రంలో ఒక్కో దళం ఆక్రమించే చోటుని ఆటలో వెడల్పు అంటారు: పదాతికి రెండు, ఆర్టిలరీకి మూడు, మొత్తం ఇరవై. యుద్ధ క్షేత్రం వెడల్పు అప్పట్లో 80 కాబట్టి సరిగ్గా నాలుగు డివిజన్లు పట్టేవి. ఇంకొన్ని ఆర్టిలరీలు ఇరికిద్దాం అనిపిస్తుంది, ఇరికించకండి. ఆర్టిలరీకి ఆర్గనైజేషన్ (ఆర్గ్, అంటే నిలబడి పోరాడే ఓపిక) సున్నా, డివిజన్ మొత్తానికి సగటు కడతారు కాబట్టి అది పడిపోతుంది. ఆర్గ్ సున్నాకి దిగితే మనుషులెంతమంది మిగిలున్నా డివిజన్ వెనక్కి నడుస్తుంది. 2021 నవంబరులో ‘నో స్టెప్ బ్యాక్’ అనే అదనపు ప్యాక్‌తో పాటు వచ్చిన అప్‌డేట్ ఈ 80 లెక్కని ఎత్తేసి, మైదానానికొకటి, అడవికొకటి, కొండకొకటి పెట్టింది. మూడేళ్ళ నా లెక్కలు ఒక్క రాత్రిలో చిత్తు కాగితాలయ్యాయి. వారం తిట్టుకున్నాను, తర్వాత అదే బాగుందనిపించింది.

సహాయ దళాల్లో నేను మొదట చేర్చేది ఇంజనీర్ కంపెనీ. కందకాలు లోతుగా తవ్వుతుంది, నిలబడి కాచుకోవడానికి దాన్ని మించింది లేదు. మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ చూసుకునే బాబాయ్ మన సైన్యంలోని ఇంజనీర్ దళం మద్రాస్ శాపర్స్‌లో చేసి రిటైరయ్యారు. హలసూరు చెరువు పక్కన ఉన్నది వాళ్ళ సెంటరే. శత్రువు అడ్డంగా వేసిన ముళ్ళ తీగల కింద పెట్టి పేల్చే బెంగళూరు టార్పెడో 1912లో ఆ దళంలోని మెక్లింటాక్ అనే కెప్టెన్ బుర్రలో పుట్టింది, నార్మండీలో కూడా వాడారు. ఒకసారి బాబాయ్ పార్సెల్ ఇవ్వడానికి పైకి వచ్చి నా స్క్రీన్ వైపు చాలాసేపు చూశారు. “వీళ్ళకి బూట్లు ఎవరిస్తున్నారు బాబూ?” అన్నారు. ఆటలో బూట్లు లేవు బాబాయ్, రైఫిల్, బూటు, నీళ్ళ సీసా అన్నీ కలిపి ‘ఇన్‌ఫాంట్రీ ఎక్విప్‌మెంట్’ అని ఒకటే లెక్క అన్నాను. ఆయనకి నచ్చలేదు.

ఇక నాకు బాగా గుర్తుండిపోయిన ఆట బ్రిటిష్ రాజ్‌తో, అంటే అప్పటి బ్రిటిష్ ఇండియాతో ఆడింది. 2016 డిసెంబరులో వచ్చిన ‘టుగెదర్ ఫర్ విక్టరీ’ ప్యాక్‌తో రాజ్‌కి సొంత ఫోకస్ ట్రీ (దేశం ఏ దారిన నడవాలో ఎంచుకునే పట్టిక) వచ్చింది. అసలు చరిత్రలో 1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం యుద్ధం ముగిసేసరికి పాతిక లక్షలకి చేరింది, అందరూ స్వచ్ఛందంగా చేరినవాళ్ళే. ఆటలో ఆ అంకె సాధించాలంటే చుక్కలు కనబడతాయి. మనుషులున్నా తుపాకులుండవు. డివిజన్లకి పేర్లు మార్చుకోవచ్చు కాబట్టి మా వైపు ఊళ్ళ పేర్లు పెట్టాను: తెనాలి, గుడివాడ, రేపల్లె, బాపట్ల. జపాన్ బర్మా దాటి ఇంఫాల్ కొండల్లోకి వచ్చేసరికి ఆ నాలుగూ రెగ్యులర్ మెట్టు మీదున్నాయి.

గుడివాడ డివిజన్ ఒక్కటే ఒక కొండ ప్రావిన్స్‌ని (పటంలో ఒక చిన్న ముక్క) పట్టుకుంది. బొమ్మ మీద రెండు గీతలుంటాయి, ఆకుపచ్చది ఆర్గ్, పక్కది బలం. ఆకుపచ్చ గీత సగానికి దిగడం, జపాన్‌వాళ్ళు అలిసి ఆగడం, మళ్ళీ కొంచెం ఎక్కడం, ఇదే నెలరోజులు. రైలు మార్గం దూరం, సరఫరా అంతంతమాత్రం. గుడివాడ కుర్రాళ్ళు సీజన్డ్ అయ్యారు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. రెండు వారాల తర్వాత చూస్తే మళ్ళీ రెగ్యులర్. బగ్ అనుకున్నాను. కాదు. పోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వచ్చి చేరారు, వాళ్ళకేం తెలుసు? సగటు దిగింది. ఫీల్డ్ హాస్పిటల్ పెట్టి ఉంటే ఆ నష్టం తగ్గేది, నేను రైఫిళ్ళకి కక్కుర్తిపడి పెట్టలేదు. ఒక అంకె మారడంతో మనసు చివుక్కుమనిపించిన ఆట నేను ఇంకోటి చూడలేదు.

కమాండు సంగతికొస్తే అంత మెచ్చుకోలేను. ఒక జనరల్ కింద 24 డివిజన్లు, ఒక ఫీల్డ్ మార్షల్ కింద ఐదుగురు జనరల్స్. సరిహద్దు మీద గీత గీస్తాం, శత్రువు భూమిలోకి బాణం గీస్తాం, ఆగుతాం. ఆగిన కొద్దీ ప్లానింగ్ బోనస్ పెరుగుతుంది. తర్వాత గుండీ నొక్కితే అందరూ కదులుతారు. ఆలోచన అద్భుతం. ఆచరణలో ఏమవుతుందంటే, ఖాళీ కనబడిన చోటుకి డివిజన్లు అటూ ఇటూ పరిగెడతాయి. సంతలో తప్పిపోయిన పిల్లల్లా. నదికి ఈ పక్క నిలబడమంటే నది దాటి దాడి చేస్తాయి, సరఫరా లేని చోటుకి ఇరవై డివిజన్లు ఒక్కసారే పోతాయి. పొడుగాటి సరిహద్దు మీద ట్యాంకుల్ని ఈ గుండీకి వదిలేస్తే వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే.

అందుకే నేనూ, అనంతపురం స్నేహితుడూ ఒక పద్ధతికి వచ్చాం. బాణం గీస్తాం, బోనస్ నిండేదాకా ఆగుతాం, గుండీ మాత్రం పదాతికే నొక్కుతాం. ట్యాంకుల్ని చేత్తో ఒక్కో ప్రావిన్స్ నడిపించి శత్రువుని వెనకనుంచి చుట్టేస్తాం. దారి మూసుకుపోయాక ఆర్గ్ అయిపోయిన డివిజన్ వెనక్కి నడవలేదు, పటం మీంచి మాయమవుతుంది. ఆట మొత్తంలో అంత తృప్తినిచ్చే క్షణం లేదు. ఇద్దరం ఒకే దేశాన్ని కలిసి ఆడొచ్చు, నేను ఫ్యాక్టరీలు, వాడు సరిహద్దు. ఒక శనివారం నేను టీ పెట్టుకుని వచ్చేలోపు వాడు ట్రైనింగ్‌లో ఉన్న నలభై డివిజన్లని బయటికి లాగేశాడు. “ఎందుకురా?” అంటే “ఖాళీగా కూర్చున్నారు కదరా” అన్నాడు. ఆ రాత్రి మాట్లాడుకోలేదు.

జనరల్స్ మాత్రం బాగుంటారు. అడవిలో పోరాడితే అడవి లక్షణం వస్తుంది, కొండల్లో అయితే కొండది. ఇంఫాల్ దగ్గర నా జనరల్‌కి అదే వచ్చింది. అప్పటినుంచి ఆయన్ని మైదానానికి పంపడానికి మనసొప్పలేదు.

కొనాలా? సేల్ ఉన్నప్పుడు అసలు ఆట ఒక్కటీ కొనండి, అదనపు ప్యాక్‌లు తర్వాత చూసుకోవచ్చు, అన్నీ ఒకేసారి కొంటే జీతం నొప్పి తెలుస్తుంది. మొదటి ఆట ఇటలీతో, ఇథియోపియా మీద. పాత లాప్‌టాప్ అయితే 1943 దాటాక రోజులు జీడిపాకంలా సాగుతాయి. వారంలో రెండు రాత్రులు నిద్ర పోతుందని ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి.

ఇది రాస్తూ రాస్తూ గుర్తొచ్చింది. నిన్న రాత్రి సేవ్ చేసినప్పుడు బాపట్ల, రేపల్లె డివిజన్లు ఎక్సర్‌సైజ్‌లోనే ఉన్నాయి, స్టాక్‌లో రైఫిళ్ళేమో మైనస్‌లో. వెళ్ళి ఆపాలి.