ఏడేళ్లుగా అద్దాలకి ఆనిస్తున్న నా రబ్బరు లెన్స్ హుడ్

2018 వేసవిలో సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఐదొందల లోపు పెట్టి ఒక రబ్బరు లెన్స్ హుడ్, అంటే లెన్స్ ముందు బిగించే తొడుగు, కొన్నాను. నా 70-300 ఎంఎం జూమ్ లెన్స్‌కి సరిపోయే 67 ఎంఎం సైజు. పక్షుల ఫొటోల కోసం నేను కొన్న సామానులో ఇంత చవకైనది ఇంకొకటి లేదు. ఈ ఏడేళ్లలో రెండు కెమెరాలు మార్చాను, ట్రైపాడ్ ఎవరికో ఇచ్చేశాను, హుడ్‌ని మాత్రం వదల్లేదు. మొదటిది పాడైతే అదే సైజులో రెండోది తెప్పించుకున్నాను. జూల్లో, మ్యూజియాల్లో రంగురంగుల పక్షుల్ని తీయాలని మనసులో ఉండి, పెద్ద లెన్స్ లేదు కదా అని ఆగిపోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేనుండేది సింగపూర్‌లో. జురోంగ్ బర్డ్ పార్క్ 2023 జనవరిలో మూతపడేదాకా నెలకోసారైనా అక్కడికి వెళ్లేదాన్ని. అదే ఏడాది మే నెలలో మండాయ్‌లో బర్డ్ ప్యారడైజ్ తెరిచారు, ఇప్పుడు అక్కడికి వెళ్తున్నాను. న్యూగినీ కిరీట పావురాన్నో బ్రెజిల్ నీలి మకావ్ చిలుకనో వాటి అడవికే వెళ్లి చూడటం నాలాంటి ఉద్యోగస్తులకి అయ్యే పని కాదు. వాటి ఈకని ఒక్కొక్క పోగూ కనబడేంత దగ్గరగా చూసే అవకాశం నాకు ఈ అద్దాల దగ్గరే దొరికింది.

హుడ్‌లో చెప్పుకోదగ్గ యంత్రాంగం ఏమీ లేదు. ఒక సన్నటి లోహపు రింగు, దానికి అంటుకుని మూడు మడతలుగా తెరుచుకునే నల్ల రబ్బరు గరాటు. ఫిల్టర్ బిగించినట్టే లెన్స్ ముందు తిప్పి బిగించాలి. లెన్స్‌తో వచ్చే ప్లాస్టిక్ హుడ్ పక్కనుంచి పడే ఎండని ఆపుతుంది. ఇదీ ఆపుతుంది గానీ, నేను కొన్నది అందుకు కాదు. మెత్తగా ఉంటుంది కాబట్టి దీన్ని నేరుగా అద్దానికి ఆనించవచ్చు. ఆనించగానే లెన్స్‌కీ అద్దానికీ మధ్య ఒక చిన్న చీకటి గది తయారవుతుంది. వెనక నిలబడ్డవాళ్ల తెల్ల చొక్కాలు, ఎగ్జిట్ బోర్డు వెలుగు, మన మొహం, ఏవీ ఫొటోలోకి రావు. అద్దం మీది గీతలూ వేలిముద్రలూ కూడా లెన్స్‌కి మరీ దగ్గరగా ఉండటంతో ఫోకస్‌కి అందకుండా కరిగిపోతాయి.

దీనికి ముందు నేను మెరుపుల్నీ ప్రతిబింబాల్నీ తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వాడాను, హుడ్‌కి పెట్టినదానికి నాలుగు రెట్లు పెట్టి కొన్నాను. అద్దానికి ఎదురుగా నిలబడితే అది ఏమీ చేయదు. బాగా పక్కకి, దాదాపు 55 డిగ్రీల వాలులో నిలబడితేనే ప్రతిబింబాన్ని తీసేస్తుంది. అంత వాలుగా తీస్తే మందపాటి అద్దం గుండా పక్షి మసగ్గా వస్తుంది. పైగా ఒకటిన్నర స్టాప్ వెలుతురు, అంటే సగానికి పైగా, మింగేస్తుంది. చీకటిగా ఉండే పక్షుల గది దగ్గర ఆ వెలుతురు నాకు బంగారంతో సమానం. అద్దం బదులు అక్రిలిక్ షీటు ఉన్నచోట్ల ఆకాశంలో ఇంద్రధనుస్సు చారలు కూడా వచ్చాయి. చెరువు గట్టున నీటి మెరుపు తగ్గించడానికి పోలరైజర్ మంచిదే, అద్దాల దగ్గర మాత్రం నా ఓటు రబ్బరుకే.

హుడ్ విలువ నాకు పూర్తిగా అర్థమైంది బాలి గోరింక దగ్గర. ఒళ్లంతా పాల తెలుపు, రెక్కల చివర, తోక చివర నలుపు, కళ్ల చుట్టూ ముదురు నీలం చర్మం. పంజరాల్లో పెంచుకోడానికి పట్టి పట్టి 2000ల మొదట్లో బాలి అడవుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిల్చారు. నేను చూసిన జంట ఒక జూలో మందపాటి అద్దం వెనక ఉంది. హుడ్ లేకుండా తీసిన మొదటి ఫొటోలో దాని రొమ్ము మీద నా బ్యాగు ఎర్రపట్టీ పడింది. తెల్ల పక్షి కదా, ఏ నీడ పడినా దాని మీద ఇట్టే కనబడుతుంది. హుడ్ ఆనించి తీశాక ఆ పట్టీ పోయింది, కొంచెం ఆకుపచ్చ ఛాయ మాత్రం మిగిలింది. అది అద్దంలోనే ఉన్న రంగు, హుడ్‌తో పోదు. కెమెరా మార్పులు చేయని రా ఫైల్‌లో తీసి, పక్షి తెలుపుని ఆధారంగా పెట్టుకుని వైట్ బ్యాలెన్స్ (ఫొటోలో రంగుల ఛాయ) సరిచేసుకున్నాను. వెనక నల్లగా ఉంది కాబట్టి ఎక్స్‌పోజర్ ముప్పావు స్టాప్ తగ్గించాల్సొచ్చింది, లేకపోతే ఈకలన్నీ ఒక్క తెల్ల ముద్దయ్యేవి. అప్పుడు గోరింక జుట్టు విప్పి మెడ పైకెత్తింది. ఆ పొడుగాటి ఈకలు ఒక్కొక్కటే లేస్తుంటే మా అమ్మాయి అద్దం కొట్టబోయింది, చెయ్యి పట్టుకుని ఆపాను. కొడితే పక్షికి బెదురు. ఆనించిన లెన్స్‌కి ఆ అదురు తెలుస్తుంది కూడా, ఫొటో కదిలిపోతుంది.

జాలీల దగ్గర దీని ఉపయోగం తక్కువ. అక్కడ పని చేసేది లెన్స్ పొడవూ, దూరమూ. జాలీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, పక్షి జాలీకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. జూమ్‌ని చివరిదాకా 300 దగ్గర పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిస్తే తీగలు మాయమవుతాయి. ఎండ పడుతున్న జాలీ అయితే ఫొటో అంతా తెల్లటి పొగ కమ్ముతుంది, అప్పుడు నీడ ఉన్న భాగం వెతుక్కోవాలి. హైదరాబాద్ నెహ్రూ జూలో పంచవన్నెల చిలుక కోసం నేను జాలీ చుట్టూ తిరుగుతుంటే అక్కడ పనిచేసే పెద్దాయన, "జర ఆగమ్మా, దాణా పెట్టే టైముకి అదే నీడలోకొస్తది" అన్నాడు. అరగంట కూర్చున్నాను. ఆయన చెప్పినట్టే వచ్చింది. ఆ తర్వాత నుంచి ఏ జూకి వెళ్లినా ముందు మేత వేళలు అడుగుతాను.

మ్యూజియంలో లెక్క మారిపోతుంది. ఇది నాకు ఇంగ్లండ్‌లో ట్రింగ్ వెళ్లినప్పుడు తెలిసింది. లండన్‌కి వాయవ్యంగా ఉన్న చిన్న ఊరు. వాల్టర్ రోత్‌షీల్డ్ తన సొంత సేకరణని 1892లో అక్కడ జనానికి తెరిచాడు, 1937 నుంచి అది లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం చేతిలో ఉంది. నేల నుంచి పైకప్పుదాకా అద్దాల బీరువాలు, వాటి నిండా చనిపోయాక లోపల కూరి నిలబెట్టిన పక్షులు. ఉత్సాహంగా 70-300కి హుడ్ బిగించి అద్దానికి ఆనిస్తే ఫోకసే కాలేదు. ఆ లెన్స్‌కి కనీసం మీటరున్నర దూరం కావాలి, పక్షి ఏమో అద్దానికి రెండు జానల్లో ఉంది. అదృష్టం కొద్దీ బ్యాగులో కెమెరాతోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఉంది. దానికి 52 ఎంఎం సైజుని 67కి మార్చే స్టెప్ రింగు పెట్టి అదే హుడ్ బిగించాను. 55 దగ్గర చక్కగా వచ్చింది. 18 దగ్గర నాలుగు మూలలూ నల్లబడ్డాయి, హుడ్‌ని వెనక్కి మడిస్తే కొంత తగ్గింది. మ్యూజియాలకి వెళ్లేవాళ్లు ఈ రింగు తప్పకుండా కొనుక్కోండి, చిల్లర వస్తువే.

ఈకలు వెలిసిపోకుండా మ్యూజియాల్లో వెలుతురు బాగా తగ్గిస్తారు, ఫ్లాష్ ఊసే ఉండకూడదు. పక్షి కదలదు కాబట్టి భయం లేదు, హుడ్‌ని అద్దానికి నొక్కి ఊపిరి బిగబడితే 1/50 సెకను షట్టర్‌కి నిలకడగా వస్తుంది. దీపాల చారలు పడకుండా కూడా 1/50 లేక 1/100 దగ్గరే ఉంచుతాను. కింది అరల కోసం కొద్దిగా వాల్చి ఆనించినా రబ్బరు వంగి అద్దాన్ని వదలదు. గట్టి ప్లాస్టిక్ హుడ్‌తో ఇది కుదరదు.

ట్రింగ్‌లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది హార్న్‌బిల్. సింగపూర్‌లో బతికున్న పెద్ద హార్న్‌బిల్‌ని ఎన్నోసార్లు తీశాను. దాని ముక్కూ పైనున్న టోపీ పండిన మామిడిపండులా ఉంటాయి. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి నూనె తీసి అది రోజూ ముక్కుకీ, మెడకీ, రెక్కల తెల్లచారలకీ పూసుకుంటుంది, ఆ పసుపు అలా అంటుతుంది. చనిపోయాక పూసేవాళ్లు లేరు. బీరువాలో ముక్కు పాలిపోయి, పాత దంతంలా ఉంది. పక్కనే నీలి ఈకల పక్షులు మాత్రం నిన్న ఎగిరినంత మెరుస్తున్నాయి. నీలం రంగుపొడి కాదు, ఈక లోపలి అల్లిక వెలుతురుని చెదరగొట్టడం వల్ల వచ్చేది, అందుకే అంత తొందరగా పోదు. తిండితో వచ్చే ఎరుపూ గులాబీ వెలుతురికి వెలిసిపోతాయి. ఈ సంగతి తెలిశాక మ్యూజియం ఫొటోల్లో రంగులు కంప్యూటర్‌లో పెంచడం మానేశాను. అక్కడ ఉన్న రంగు ఆ పక్షి ఇప్పటి రంగు, అలాగే ఉండనిస్తాను.

ఇక లోపాలు. మొదటి హుడ్ నాలుగో ఏడు వచ్చేసరికి జిగురెక్కింది. కారు డిక్కీలో ఎండలో వదిలేసిన తప్పు కొంత నాదే. మడతల దగ్గర సన్నటి పగుళ్లు వచ్చి, చివరికి రబ్బరు రింగు నుంచి ఊడొచ్చింది. రబ్బరు మీద దుమ్ము అయస్కాంతంలా అంటుకుంటుంది, ఆనించే ముందు తడిగుడ్డతో అంచు తుడవకపోతే అద్దం మీద ఇసుకతో గీత పడే ప్రమాదం ఉంది. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: ఫోకస్ అవుతున్నప్పుడు ముందు భాగం తిరిగే పాత లెన్సులకి ఇది వాడకండి. అద్దానికి నొక్కి పట్టుకుంటే లోపలి మోటారు తిరగలేక మూలుగుతుంది. నా పాత లెన్స్‌తో ఆ శబ్దం విన్నాక మళ్లీ ఆ ప్రయత్నం చేయలేదు. లెన్స్ క్యాప్ పెట్టడం కూడా చిరాకే, హుడ్ మడిచి వేళ్లు లోపలికి పెట్టాలి.

పక్షుల మధ్యే నడిచే పెద్ద పంజరాల్లో హుడ్‌తో పని లేదు, వాన చినుకులు ఆపడానికి తప్ప. అక్కడ అసలు శత్రువు ఏసీ. మెట్రో చల్లదనం నుంచి సింగపూర్ ఉక్కలోకి అడుగుపెట్టగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. కెమెరాని జిప్ కవర్‌లో పెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తాను.

పోయిన నెలలో అలా కవర్ తెరవకుండా బెంచీ మీద కూర్చున్నప్పుడే విక్టోరియా కిరీట పావురం నా చెప్పుల దాకా నడిచి వచ్చింది. కోడిపెట్టంత పెద్దది. తల మీద జల్లెడలాంటి నీలి జాలరు, ప్రతి పోగు చివరా తెల్లటి చుక్క, మధ్యలో ఎర్రటి కన్ను. దానికీ నాకూ మధ్య అద్దం లేదు. కవర్‌లో ఉన్న కెమెరాని ముట్టుకోకుండా అది వెళ్లేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాను.