ఓఆర్ఆర్ సోలార్ సైకిల్ ట్రాక్ రివ్యూ: హన్మకొండ, కాజీపేట వాళ్లం ఏం అడగాలి

హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన కట్టిన సోలార్ సైకిల్ ట్రాక్ ఫొటోలు చూసి మన వరంగల్‌లో సైకిల్ తొక్కేవాళ్లు చాలామంది "ఇలాంటిది మనకూ కావాలని అర్జీ పెడదాం" అంటున్నారు. ఈమధ్య కోకాపేటలో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు సైకిల్ కారు వెనక కట్టుకుని పోయి, నార్సింగి వైపు నుంచి తొక్కి చూసి వచ్చాను. ట్రాక్ చాలా బాగుంది, వీలైతే తప్పకుండా వెళ్లండి. అర్జీలో మాత్రం దాన్ని అడగొద్దని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఈ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది. అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు, అందులో నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5. వెడల్పు 4.5 మీటర్లు, కాబట్టి ఇద్దరు పక్కపక్కనే మాట్లాడుకుంటూ వెళ్తున్నా వెనకనుంచి వచ్చేవాళ్లు హాయిగా దాటిపోతారు. పైన సోలార్ ప్యానెళ్ల కప్పు, దాని సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో హైవే మధ్యలో వేసిన ఇలాంటి ట్రాకే దీనికి స్ఫూర్తి. రామగుండం, మంచిర్యాల ఎండల్లో పెరిగినవాళ్లకు ఆ నీడ విలువ నేను చెప్పక్కర్లేదు. చీకటి పడ్డాక కూడా తొక్కేలా లైట్లు పెట్టారు, సొంత సైకిల్ లేకపోతే అద్దెకు దొరుకుతుంది. నేను తొక్కినంత దూరం రోడ్డు నున్నగా ఉంది, గుంత కోసం కిందికి చూస్తూ తొక్కాల్సిన పని పడలేదు.

నీడకంటే, నున్నటి రోడ్డుకంటే నాకు ఎక్కువ నచ్చింది ఆ నిమ్మళం. మన ఊళ్లో తొక్కేటప్పుడు చెవులు ఎప్పుడూ వెనకే ఉంటాయి, బస్సు ఎంత దగ్గరికి వచ్చింది, ఆటో ఎటు కోస్తుంది, పక్కన ఆపిన కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది అని ఒకటే టెన్షన్. అక్కడ కాసేపటికే భుజాలు వదులయ్యాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలు తల్లిదండ్రుల పక్కన సొంతంగా తొక్కుకుంటూ పోతున్నారు, ఎవరూ వాళ్లను "పక్కకు రా, పక్కకు రా" అని అరవడం లేదు. మోటారు బండి లోపలికి రాకపోతే ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

ఇక అసలు విషయం. ఆ పొద్దున నేను చూసినవాళ్లలో ఎక్కువమంది నాలాగే కార్లలో సైకిళ్లు తెచ్చుకున్నవాళ్లు, హెల్మెట్, జెర్సీ, గేర్ సైకిల్. వాళ్ల మీద నాకేం కోపం లేదు, నేనూ వాళ్లలో ఒకడినే. కానీ పక్కనే సర్వీస్ రోడ్డు మీద, టిప్పర్ల మధ్య, అపార్ట్‌మెంట్ల పనికి వెళ్లే కూలీలు పాత సైకిళ్ల మీద వెళ్తున్నారు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడేసుకుని. వాళ్లు పనికి వెళ్లే చోటికి ఈ ట్రాక్ వెళ్లదు, అందుకే వాళ్లు దాని మీద లేరు. వ్యాయామానికి కట్టిన ట్రాక్‌గా దానికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను, పనికి వెళ్లే దారిగా చూస్తే ఒకటికి మించి ఇవ్వలేను.

మన దగ్గర రోజూ సైకిల్ తొక్కేది ఎవరో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తెల్లవారకముందే పేపర్ వేసే పిల్లలు, పాల క్యాన్లవాళ్లు, ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే హమాలీలు, బడికి పోయే ఆడపిల్లలు, రాత్రి డ్యూటీ దిగి వచ్చే వాచ్‌మెన్లు. భీమారం నుంచి రోజూ హన్మకొండకు సైకిల్ మీద వచ్చే ఒక మేస్త్రీకి నా ఫోన్లో ట్రాక్ ఫొటోలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "నీడ మంచిగనే ఉంది సారూ, గని నాకు పనికి పోయే తొవ్వల లారీలు తగలకుంటే చాలు" అన్నాడు. మన అర్జీలో ఉండాల్సింది ఈ మాట.

అంటే కాజీపేట నుంచి ఫాతిమానగర్, ఎన్‌ఐటీ, అదాలత్, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు జంక్షన్, ఎంజీఎం ఆస్పత్రి మీదుగా పోచమ్మమైదాన్ దాకా, జనం నిజంగా తిరిగే రోడ్డు మీద సైకిల్ లేన్ కావాలి. భద్రకాళి బండ్ మీద సాయంత్రం నడక బాగుంటుంది, దాన్ని పెంచితే మంచిదే, కానీ అది చూపించి సైకిల్ వాళ్లకు ఇచ్చేశాం అంటే ఒప్పుకోవద్దు.

లేన్ అని మాత్రమే రాసి ఊరుకుంటే తెల్ల గీత ఒకటి గీసి వెళ్తారు. గీత మాత్రమే ఉన్న లేన్ నెల తిరక్కుండా పార్కింగ్ అయిపోతుంది, ముందు ఒక కారు, దాని వెనక పానీపూరీ బండి, ఆ తర్వాత ఆటో స్టాండ్. అందుకే వివరంగా అడగాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సైకిల్ ట్రాక్‌లకు విడిగా ప్రమాణం పెట్టింది, ఐఆర్‌సీ 11 అంటారు, ఒకవైపు వెళ్లే ట్రాక్‌కు కనీసం 2 మీటర్లు ఉండాలంటుంది. ఆ వెడల్పు, బండ్ల రోడ్డుకూ లేన్‌కూ మధ్యలో కాంక్రీటు అడ్డు, బస్ స్టాప్ దగ్గర లేన్ స్టాప్ వెనకనుంచి వెళ్లడం, ఈ మూడూ రాతలో ఉండాలి. కాలువల మీద వేసే ఇనుప జాలీల సంగతి కూడా రాయండి. చువ్వలు రోడ్డు వెంబడి పొడవుగా ఉంటే సన్న టైరు అందులో ఇరుక్కుని మనిషి ముందుకు ఎగిరి పడతాడు, అడ్డంగా వేస్తే ఏ సమస్యా లేదు, ఖర్చులో కూడా పెద్ద తేడా రాదు.

అన్నిటికంటే ముఖ్యం జంక్షన్లు. చాలా ఊళ్లలో లేన్ సాఫీగా వచ్చి సరిగ్గా జంక్షన్‌కు ముందు మాయమవుతుంది, అంటే మనకు అది ఎక్కడ బాగా అవసరమో అక్కడే ఉండదు. ఫ్రీ లెఫ్ట్‌లో, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే చోట, వేగం తగ్గకుండా తిరిగే లారీ పక్కన సైకిల్ మీద ఉన్నవాడు డ్రైవర్‌కు అసలు కనిపించడు. మలుపు మూలను వెడల్పు వంపుగా కాకుండా బిగుతుగా కడితే బండ్లు నెమ్మదిగా తిరుగుతాయి, లేన్‌ను రంగు వేసి జంక్షన్ దాటేదాకా కొనసాగిస్తే డ్రైవర్‌కు ముందే తెలుస్తుంది. కిలోమీటర్ల లెక్క తగ్గినా పర్వాలేదు, ముందు రెండు మూడు జంక్షన్లు సరిగ్గా చేయమనండి.

"రోడ్డు ఇరుకు, చోటెక్కడిది" అని తప్పకుండా అంటారు. కొన్నిచోట్ల నిజమే. అలాంటి పాత బజార్లలో లేన్ కోసం పట్టుబట్టకుండా బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించమని అడగొచ్చు. షాపులవాళ్లకు గిరాకీ పోతుందన్న భయం ఉంటుంది, వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడాలి, అర్జీ మీద వాళ్ల సంతకాలు కూడా ఉంటే బలం వేరు.

మన చేతిలో బలమైన కాగితాలు కూడా ఉన్నాయి. నగరాల్లో సైకిల్ తొక్కడానికి వీలు పెంచాలని కేంద్రం 2020లో పెట్టిన ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో 2021లో గెలిచిన 11 నగరాల్లో వరంగల్ ఒకటి, ఒక్కో నగరానికి కోటి రూపాయల బహుమతి ప్రకటించారు. బెంగళూరు, సూరత్, నాగ్‌పూర్ పక్కన మన ఊరి పేరు ఉంది. నాకు అది నిజంగా గర్వంగా ఉంటుంది, అర్జీ మొదటి వాక్యం అదే కావాలి. రెండోది, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, వికలాంగుడైనా, బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టర్‌కు లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటుంది. బెదిరించినట్టు కాకుండా మర్యాదగా ఒక వాక్యంలో గుర్తు చేస్తే చాలు.

ఇంకో మాట, టైమింగ్. రోడ్డు వేశాక వెళ్లి లేన్ అడిగితే "వచ్చేసారి చూద్దాం" అంటారు, ఆ వచ్చేసారి ఎన్నేళ్లకో. ఏ రోడ్డు తవ్వబోతున్నారో, దాని డ్రాయింగ్‌లో సైకిల్‌కు ఎంత చోటు పెట్టారో సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ డ్రాయింగ్ చేతిలో పట్టుకుని, టెండర్ కాకముందే, అధికారులు జనం అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణికి వెళ్లాలి. ఒక్కరు వెళ్తే ఒక ఫిర్యాదు, ఇరవైమంది వెళ్తే అది వేరే లెక్క. జెర్సీలు వేసుకుని మనమే పోకుండా ఆ మేస్త్రీలాంటివాళ్లను, బడిపిల్లల తల్లిదండ్రులను తీసుకెళ్దాం. సోమవారం పొద్దున కూలీ పోతుందంటే ఆ రోజు కూలీ మనం వేసుకుందాం. రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

నార్సింగి వెళ్లేవాళ్లకు ఒక సలహా: పిల్లల్ని తీసుకెళ్లండి, పొద్దున్నే వెళ్లండి, టేపు ఉంటే వెడల్పు కొలిచి ఫొటో తీసుకురండి, అధికారులకు చూపించడానికి పనికొస్తుంది. అర్జీ ముసాయిదా రాస్తున్నాను. మీరు రోజూ ఏ రోడ్డు మీద తొక్కుతారో, ఏ జంక్షన్ దగ్గర సైకిల్ దిగి నడిపించుకుంటూ దాటుతారో కింద రాయండి, అవన్నీ అందులో చేరుస్తాను.