నిదానంగా ఫొటో తీయడానికి ఏది మేలు: ఫిల్మా, డిజిటలా?

ఫిల్ము కెమెరా కొంటే ఆలోచించి, ఆగి ఫొటో తీసే అలవాటు పడుతుందా, లేక చేతిలో ఉన్న డిజిటల్‌తోనే ఆ అలవాటు చేసుకోవచ్చా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది ఏ పెంటాక్స్ కే1000నో, నికాన్ ఎఫ్ఎం2నో ముందే చూసిపెట్టుకుని, ఎవరైనా ఔనంటే కొనేద్దామన్న ఉద్దేశంతోనే అడుగుతున్నట్టు తోస్తుంది. రంగులు, గ్రెయిన్ (ఫిల్ము ఫొటోలో కనబడే సన్నని రేణువులు), నెగటివ్ అందం వంటివాటిని పక్కన పెట్టి, ఇక్కడ నిదానం ఒక్కదాన్నే తూచి చూస్తాను.

ఫిల్ము రీలుకు 36 ఫ్రేములే (ఫొటోలే) గనుక, ప్రతి ఫ్రేముకూ డబ్బు పడుతుంది గనుక చెయ్యి ఆగుతుందన్నది అందరూ చెప్పే వాదన. ఇందులో నిజం లేకపోలేదు. కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటుతుంది. అయితే ఇది పొదుపే తప్ప నిదానం కాదు. న్యూయార్క్ వీధుల ఫొటోలతో పేరుపొందిన గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేనాటికి, కడగనైనా కడగకుండా మిగిలిపోయిన రీళ్లే సుమారు 2,500 ఉన్నాయి. ఫ్రేముల లెక్క ఆయన వేలిని ఆపలేదన్నమాట. అదే వినోగ్రాండ్ తీసిన రీళ్లను కావాలనే చాలాకాలం కడగకుండా ఉంచేవారు. తీసిన క్షణంలోని ఉత్సాహం చల్లారాక చూస్తేనే మంచిచెడ్డలు తేలుతాయని ఆయన నమ్మకం. తీయడంలో ఎంత తొందర ఉన్నా, చూసుకోవడంలో ఆయనకు తొందర లేదు.

నా దృష్టిలో అసలు తేడా అక్కడే ఉంది: తీసింది వెంటనే కనబడకపోవడం. భూదాన్ పోచంపల్లిలో గుంటమగ్గం మీద నేస్తున్న ఒక పెద్దాయనను తీస్తున్నామనుకోండి. వెలుగంతా వాకిలి నుంచే వస్తుంది, ముఖం సగం నీడలో ఉంటుంది, పోగును మోసే నాడె అటూ ఇటూ పోతూ ఉంటుంది. డిజిటల్ కెమెరాతో ఒక ఫ్రేము తీయగానే మన తల దానంతటదే వెనక తెర మీదికి వంగుతుంది. సరిగ్గా ఆ రెండు సెకన్లలోనే, పోగు తెగిందేమోనని ఆయన పడుగు మీదికి వంగి వేలితో తడిమి చూసుకుంటారు. తీయవలసిన ఫొటో అది. పైగా తెర వెలగడం చూసి ‘ఎట్లొచ్చింది సార్, జర చూపియ్యండి’ అని ఆయన నాడె ఆపుతారు. చూపించడం మర్యాదే, చాలాచోట్ల పరిచయం కుదిరేదీ దాంతోనే. కానీ ఆ తర్వాత ఆయన నేయరు, నేస్తున్నట్టు కూర్చుంటారు.

రీలు కెమెరాలో చూడడానికేమీ లేదు. ముఖం మీది వెలుగును మీటర్‌తో ఒకసారి కొలుచుకుని, 400 ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే వేగం) రీలుకు లెన్స్‌ను బాగా తెరిచి ఎఫ్/2 దగ్గర, షట్టర్‌ను సెకనులో 30వ వంతుకో, 60వ వంతుకో పెట్టుకున్నాక, ఇక మిగిలేది మనిషిని చూడడమే. తర్వాతి ఫ్రేముకు లీవర్ తిప్పుతున్నప్పుడు రివైండ్ నాబ్ (రీలును వెనక్కి చుట్టే గుండ్రటి పిడి) కదలిక ఎడమచేతి వేలికి తగులుతూ రీలు నడుస్తోందని చెబుతుంది, చూపు మరల్చే పనిలేదు. ఫొటో వచ్చిందో లేదో తెలియదు గనుక, ‘వచ్చేసింది’ అనుకుని కెమెరా దించే వీలూ లేదు.

అలాగని తెర పనికిరాదని కొట్టిపారేయలేం. ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుగు రానివ్వాలన్నది) నేర్చుకునే దశలో అంతకు మించిన గురువు లేదు. రీలు కడిగి వచ్చేసరికి ఏ ఫ్రేముకు ఏ షట్టర్ స్పీడ్ పెట్టామో, నోటుపుస్తకంలో రాసుకుంటే తప్ప గుర్తుండదు; పైగా కలర్ నెగటివ్ రెండు స్టాపుల ఓవర్ ఎక్స్‌పోజర్‌ను (కావలసినదానికి నాలుగింతల వెలుగును) కూడా సర్దుకుపోతుంది కాబట్టి తప్పు తప్పుగా కనబడకపోవచ్చు. పెళ్లిళ్లు తీసేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. జీలకర్రా బెల్లం మళ్లీ పెట్టించలేం.

డిజిటల్‌లోనే తెర లేకుండా చేసుకోవచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. తయారీదారులకూ ఆ ఆలోచన వచ్చింది: 2016 నాటి లైకా ఎం-డికి వెనక తెరే లేదు, 2019 నాటి ఫ్యూజీ ఎక్స్-ప్రో3 తెర లోపలివైపుకు మూసుకుని ఉంటుంది. అంత ఖర్చు అక్కర్లేదు. మెనూలో ఇమేజ్ రివ్యూ (తీసిన ఫొటోను వెంటనే తెర మీద చూపే ఏర్పాటు) ఆపేసి, జూమ్ లేని ఒకే ప్రైమ్ లెన్స్ పెట్టుకుని, కార్డును వారం తర్వాతే కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటే ఫిల్ము ఇచ్చే నిదానంలో చాలా భాగం పైసా ఖర్చు లేకుండా వస్తుంది. చిక్కల్లా ఫొటోలు చూపే ప్లే బటన్ బొటనవేలి కిందే ఉండడం. దాన్ని నొక్కకుండా ఉండడానికి పట్టుదల కావాలి, ఆ పట్టుదలకు పోయే ధ్యాస ఎదుటి మనిషి మీద తగ్గుతుంది. రీలుతో ఆ పెనుగులాటే ఉండదు కాబట్టి నా మొగ్గు అటే.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. 2024లో వచ్చిన పెంటాక్స్ 17 వంటి హాఫ్ ఫ్రేమ్ (ఒక ఫ్రేము జాగాలో రెండు ఫొటోలు పట్టే) కెమెరాలు రీలుకు 72 ఫొటోలు ఇస్తాయి, ఖర్చు కలిసివస్తుంది. ఇంకా వెడల్పైన 120 రీలు మీద 6×6 సెం.మీ. చదరపు ఫ్రేములు 12 మాత్రమే. స్టాండు వేసి తీసేవారికి బాగుంటుంది. ఇన్‌స్టాక్స్ కెమెరాలో ఫొటో నిమిషాల్లో చేతికొస్తుంది గనుక ఈ చర్చలోకి రాదు.

డిజిటల్ ఉన్నవారు ముందు పైన చెప్పిన పద్ధతిని కొన్నాళ్లు పాటించి చూడండి. అది చాలదనిపిస్తే, బ్యాటరీ లేకున్నా షట్టర్ పనిచేసే మెకానికల్ కెమెరాను ఎంచుకోండి. మొదట్లో చెప్పిన కే1000, ఎఫ్ఎం2 రెండూ అలాంటివే. కొనేముందు వెనక తలుపు తెరిచి, సెకను, అరసెకను స్పీడులు నిజంగా అంతసేపు తెరుచుకుంటున్నాయా, వెలుగు చొరబడకుండా తలుపు అంచుల్లో పెట్టిన నల్లటి ఫోమ్ కరిగి జిగురుగా మారిందా చూసుకోవాలి. ఫోమ్ ఇంట్లోనే మార్చుకోవచ్చు గానీ, స్పీడులు సరిచేసే మెకానిక్ దొరకడం ఇప్పుడు కష్టం.