ఎర్ర బొట్టుబిళ్ళ, పచ్చ బొట్టుబిళ్ళ

బొట్టుబిళ్ళల ప్యాకెట్లో రెండు తగ్గాయని మొన్న మా ఆవిడ ఇల్లంతా వెతికింది. అవి నా ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్ పక్కన అతికించి ఉన్నాయి. ఎర్రది పాత గ్రామఫోన్ ప్లేటుకి గుర్తు, పచ్చది కొత్తదానికి. బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ళ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఇప్పుడు నా దగ్గర రెండు కాపీలున్నాయి. ఒకటి కలకత్తా పక్కన డమ్ డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా తయారుచేసిన పాతది. మెట్టుగూడలో ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే కుటుంబం ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తుంటే 1983లో 40 రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. రెండోది 2016లో వచ్చిన 180 గ్రాముల రీఇష్యూ, అంటే మళ్ళీ అచ్చేసినది, 3,400 పడింది. రెంటిలో ఏది బాగుందో తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

బొట్టుబిళ్ళలు ఎందుకో ముందు చెప్పాలి. రెండు రికార్డులు పోల్చేటప్పుడు రెండూ ఒకే శబ్దంతో మోగాలి. కాస్త గట్టిగా మోగేదే బాగుందని చెవి తీర్పు చెప్పేస్తుంది. నా పాత కాపీ కొత్తదానికన్నా సుమారు రెండు డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ టెస్టింగ్ సెక్షన్లో 31 ఏళ్ళు మీటర్లు చూసి రిటైరైనవాణ్ణి, నేను మోసపోతానా అనుకున్నాను. మోసపోయాను. మొదటి వారమంతా “పాతదాంట్లో ఉన్న ప్రాణం దీన్లో ఏది!” అంటూ తిరిగాను. అప్పుడు స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటరు పెట్టి, ఒకే చోటు ముక్క రెంటిలోనూ వేసి, నాబ్ ఎక్కడుంటే సమానమవుతుందో గుర్తులు పెట్టుకున్నాను. సగం ప్రాణం అక్కడే పోయింది.

మిగతా సగం మా ఆవిడ తీసేసింది. నన్ను గోడవైపు తిరిగి కూచోమని, ఏ ప్లేటు వేస్తున్నానో చెప్పనని పందెం వేసింది. నిశ్శబ్దంగా ఉండే చోట పాతదాని చిటపట పట్టిచ్చేస్తుంది కాబట్టి, ‘టైమ్’ పాటలో గిటార్ సోలో హోరెత్తే చోటు నుంచే వినాలని నేనే షరతు పెట్టాను. రెండుసార్లు వేసింది. రెండోది వినగానే “ఇదీ పాతది! గిటార్ చూడు, గదిలోకి ఎలా వచ్చేసిందో” అన్నాను. “ఏమండీ, రెండుసార్లూ కొత్తదే వేశాను. రెండోసారి నాబ్ కొంచెం తిప్పానంతే” అంది. ఆ రోజు టీ నేనే పెట్టాను.

నా సరంజామా పెద్దదేం కాదు. ఆడియో టెక్నికా ఎల్‌పీ 120 ఎక్స్ ప్లేయర్, దాంతో వచ్చిన వీఎం 95 కార్ట్రిడ్జ్ (గాడిలో ముల్లు కదలికని కరెంటుగా మార్చే ముక్క). ముల్లు మాత్రం మార్చాను. ఆకుపచ్చ ముల్లు తీసి అదే బాడీకి ఎర్రది, మైక్రోలీనియర్ అనే సన్నటి మొన రకం, తగిలించాను. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, లాగితే వస్తుంది, నొక్కితే కూచుంటుంది. గాడి మీద ముల్లు మోపే బరువు రెండు గ్రాములు. రీఇష్యూ బాగా లేదని తిట్టే చాలామంది ముందు ఈ పని చేసి చూడాలి. అరిగిన ముల్లుతో ఏ ప్లేటు వేసినా అన్నీ ఒకే రకంగా ఏడుస్తాయి.

ఇక ప్లేటు. ఈ ఆల్బమ్ గుండె చప్పుడుతో మొదలవుతుంది. ఎక్కడో దూరం నుంచి మెల్లగా దగ్గరికొస్తుంది. తయారీ శుభ్రంగా ఉందో లేదో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఎందుకంటే దాచుకోవడానికి ఏమీ ఉండదు. పాతదాంట్లో గుండె కొట్టుకునే ముందు పకోడీలు వేగుతున్నట్టు ఒక నేపథ్యం. నలభై ఏళ్ళ దుమ్ము, మాయిశ్చరు, పాత యజమాని వేలిముద్రలు. డిస్టిల్డ్ వాటర్లో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి రెండుసార్లు కడిగితే పకోడీలు తగ్గి పోపు స్థాయికి వచ్చింది. కొత్తదాంట్లో ఆ చప్పుడు నల్లటి నిశ్శబ్దంలోంచి పుట్టింది. కొత్తది కదా, కడగక్కర్లేదనుకోకండి. కాగితం కవరు నుంచి తీయగానే నూగు, స్టాటిక్ బోలెడు. కార్బన్ ఫైబర్ బ్రష్ ఒక చుట్టు తిప్పాకే ఆ నిశ్శబ్దం.

‘టైమ్’ మొదట్లో గడియారాలు మోగే చోటు రెంటికీ సమానమే. ఇంజనీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కో గడియారాన్నీ విడిగా రికార్డు చేసుకొచ్చి పేర్చిన ముక్క అది. అన్నీ ఒక్కసారి మోగినప్పుడు ఏ గంట ఎటు ఉందో వేలు పెట్టి చూపించగలిగితే ప్లేటు బాగున్నట్టు. రెంటిలోనూ చూపించగలిగాను.

అసలు పరీక్ష మొదటి వైపు ఆఖరి పాట. ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’. మాటల్లేకుండా క్లేర్ టోరీ గొంతు ఒక్కటే ఎక్కడికో వెళ్ళి వస్తుంది. (ఆ రోజు ఆవిడకి ముట్టింది 30 పౌండ్లు. తర్వాత కోర్టుకెళ్ళి, 2005లో రాజీ కుదిరాక గానీ పాట రచనలో భాగస్వామిగా పేరు దక్కలేదు.) ఆ గొంతు తారస్థాయికి చేరేది సరిగ్గా ముల్లు లేబుల్ దగ్గరికి చేరే వేళ. ప్లేటు తిరిగే వేగం మారదు, నిమిషానికి 33⅓ చుట్లే. కానీ బయటి అంచు దగ్గర ముల్లు కింద సెకనుకి సుమారు 51 సెంటీమీటర్ల గాడి పరిగెత్తితే, లోపలికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దాన్ని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించాలి. హైవే మీద రాసిన అక్షరాలు పోస్టల్ స్టాంపు మీద రాసినట్టు. అందుకే గొంతు పెరిగే చోట, ‘స’, ‘ష’ శబ్దాలొచ్చే చోట గరగర మొదలవుతుంది.

నా పాత కాపీ ఇక్కడ చేతులెత్తేసింది. గొంతు పైకి వెళ్ళేకొద్దీ చుట్టూ ఇసుక రాలినట్టు ఉంటుంది. ఇది డమ్ డమ్ వాళ్ళ తప్పనలేను. ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఉండే ప్లేయర్లలో సిరామిక్ కార్ట్రిడ్జ్‌లు నాలుగైదు గ్రాముల బరువుతో గాడిని దున్నేవి. మెట్టుగూడలో ఎవరికో ఈ పాటంటే ప్రాణమని నాకు ఆ ఇసుక చెబుతుంది. ఎంత కడిగినా అది పోదు, గాడి గోడే తినేసి ఉంది. కొత్తదాంట్లో ఆ గొంతు చివరిదాకా తడిగా, నిండుగా ఉంది. మొదటిసారి సరిగ్గా విన్నాననిపించింది. ఇంత వయసొచ్చి కళ్ళు చెమర్చాయని రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

అయితే నాకు మొదట వచ్చిన కొత్త కాపీ ఇది కాదు. ఒక ఆన్‌లైన్ దుకాణం పంపిన మొదటి కాపీలో ఇదే పాట మొదట్లో పియానో ఊయలూగింది. పియానో తీగ మోగి అలా నిలబడిపోవాలి కదా, శ్రుతి పైకీ కిందకీ పోతోంది. తప్పు ప్లేయర్ వేగందేమోనని, తిరిగే పళ్ళెం అంచు చుక్కల మీద స్ట్రోబ్ లైట్ చూశాను (వేగం సరిగా ఉంటే అవి కదలనట్టు కనిపిస్తాయి), చుక్కలు నిలకడగానే ఉన్నాయి. అప్పుడు వంగి ముల్లుని మోసే టోన్ ఆర్మ్‌ని చూశాను. చుట్టు చుట్టుకీ కుడికీ ఎడమకీ కదులుతోంది, తప్పతాగి ఇల్లు వెతుక్కునేవాడిలా. ప్లేటు మధ్య చిల్లు మధ్యలో లేదు! వీడియో తీసి పంపితే “సర్, ఇది మీ ప్లేయర్ సమస్య” అని జవాబు. నాలుగు మెయిళ్ళు, పదకొండు రోజులు, తర్వాత మార్చి ఇచ్చారు. కొత్త ప్లేటు కొంటే అట్ట అందం, లోపలి పోస్టర్లు తర్వాత చూడొచ్చు. ముందు ఆఖరి పాటలో పియానో వినండి, టోన్ ఆర్మ్ చూడండి. రిటర్న్ గడువు చాలా చిన్నది.

అట్ట మీద 180 గ్రాములని బంగారు స్టిక్కర్ ఉంటుంది. వంటింటి త్రాసు మీద తూచాను. కొత్తది 183, పాతది 128. బరువుంటే ప్లేటు వంకర పోవడం కొంచెం తక్కువేమో గానీ గాడి లోతు పెరగదు, శబ్దం పెరగదు. ఊయలూగిన ఆ మొదటి కాపీ కూడా 180 పైనే తూగింది. చూడాల్సింది స్టిక్కర్ కాదు, లాకర్ (అచ్చులకి మూలమైన మొదటి పళ్ళెం, గాడి కోసేది దీని మీదే) ఎవరు కోశారు, ఏ స్టూడియో టేపు నుంచి కోశారు అన్నది. ఈ రీఇష్యూ మాస్టరింగ్ (టేపు శబ్దాన్ని ప్లేటుకి సిద్ధం చేసే పని) జేమ్స్ గత్రీ, జోయెల్ ప్లాంట్, బెర్నీ గ్రండ్‌మన్‌లది. ఆ జాగ్రత్త బేస్‌లో తెలుస్తుంది, బిగువుగా ఉంటుంది, ఊరికే ఉబ్బదు.

నా దగ్గరున్న మిగతా రీఇష్యూల సంగతి గబగబా చెప్పేస్తాను. ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’ 2011లో స్టీవ్ హాఫ్‌మన్, కెవిన్ గ్రే 45 స్పీడ్‌లో రెండు ప్లేట్లుగా కోశారు. వేగం ఎక్కువ కాబట్టి లోపలి గాళ్ళలో ఇరుకు తక్కువ. నా దగ్గరున్న వాటిలో శబ్దానికి మొదటి మార్కు దానికే. పావుగంట కాకముందే లేచి తిప్పాలి, మోకాళ్ళకి వ్యాయామం. మా అబ్బాయి డాలస్ నుంచి తెచ్చాడు. ధర అడిగితే “వినండి నాన్నా, లెక్కలెందుకు” అని దాటేశాడు.

‘లెడ్ జెప్పెలిన్ 2’ రీఇష్యూ 2014లో ఆ బృందం గిటారిస్టు జిమ్మీ పేజ్ చూసుకుని తెచ్చింది. డిజిటల్ నుంచి కోసింది, శుభ్రంగా ఉంది, కొంచెం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. 1969లో బాబ్ లడ్విగ్ కోసిన మొదటి ప్లేటు మహా గట్టిగా మోగేదని, చవక ప్లేయర్ల మీద ముల్లు ఎగిరిపోతోందని కంపెనీ దాన్ని మార్చేసిందని అంటారు. లేబుల్ పక్క ఖాళీ జాగాలో ‘ఆర్‌ఎల్’ (రాబర్ట్ లడ్విగ్ పొడి అక్షరాలు) అని చెక్కి ఉంటే అది. ఆ కాపీ నేను వినలేదు, ధర మాత్రం విన్నాను.

డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ రెండు ప్లేట్ల రీఇష్యూ అయితే కళ్ళు మూసుకుని కొనొచ్చు. 1985లో ఒకే ప్లేటులో పట్టక కొన్ని పాటల్ని కుదించారు. ఇప్పుడు అవి పూర్తిగా ఉన్నాయి. అసలు అది డిజిటల్‌గా రికార్డు చేసిన ఆల్బమ్. ప్లేటంటే అనలాగే, అంకెల్లోకి మార్చని శబ్దమే, డిజిటల్ తగిలితే మైల అనేవాళ్ళు దీన్ని ఏమంటారో.

ఆ మైల సంగతి 2022లో తేలింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ ఖరీదైన రీఇష్యూలు అచ్చంగా టేపు నుంచే కోసినవని అందరూ నమ్మారు. మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని ఆ జూలైలో బయటపడింది. కేసులయ్యాయి. చాటుగా ఉంచడం తప్పే. కానీ అంతకు ముందు ఏళ్ళ తరబడి అవే ప్లేట్లని “ఇదీ అసలైన అనలాగ్ వెచ్చదనం” అని మెచ్చుకున్నది చిన్న తేడా కూడా పట్టేస్తామనే ఆ బంగారు చెవులవాళ్ళే. ఆ వార్త చదివినప్పుడు నేనూ నవ్వాను. గోడవైపు తిరిగి కూచున్న రోజు నుంచి నవ్వడం మానేశాను.

ఇంతకీ డార్క్ సైడ్‌లో ఏది గెలిచింది? మొదటి వైపు కొత్తదే, చర్చ లేదు. రెండో వైపు మాత్రం తెగలేదు. ‘మనీ’లో చిల్లర గలగల, గల్లాపెట్టె చప్పుడు కొత్తదాంట్లో నిక్కచ్చిగా ఉన్నాయి. కానీ శాక్సోఫోన్ వచ్చినప్పుడు, నాబ్ ఎర్ర బొట్టు దగ్గరే ఉన్నా, పాతదాంట్లో ఏదో బొంగురు ఉంది, నాకది కావాలి. అది ప్లేటులో ఉందో, 1983 నుంచి నా చెవుల్లో ఉందో మీటరు చెప్పలేదు. అందుకని మొదటి వైపు కొత్తది వేసి, అయిపోగానే లేచి, పాతది పెట్టి, నాబ్ పచ్చ బొట్టు నుంచి ఎర్ర బొట్టుకి తిప్పుకుంటున్నాను.