ట్యాంకు మీద ఈఎస్‌పీ32: మూడు వేసవుల వాడకం తర్వాత

హాబీగా ఏదైనా ఎలక్ట్రానిక్స్ చేద్దాం, కోడింగూ ఉండాలి, సోల్డరింగూ ఉండాలి అనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, నీళ్ల ట్యాంకుతో మొదలుపెట్టండి, అంటే ట్యాంకులో మట్టం కొలిచి మోటారును దానంతటదే ఆన్, ఆఫ్ చేసే డబ్బా చేయండి. రోబో కార్లు, ఎల్ఈడీ క్యూబ్‌లు చేసినవాళ్లను చాలామందిని చూశాను, వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాక అవి అటకెక్కుతాయి. ట్యాంకుది అలా కాదు. ఒక్కరోజు పనిచేయకపోయినా మా అమ్మే అడుగుతుంది "నీ డబ్బాకేమైందిరా" అని, ఇక బాగుచేయక తప్పదు.

మాది నెల్లూరు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు, కింద బోరు. ఈఎస్‌పీ32 బోర్డు (కోడ్ ఎక్కించి నడిపే, వైఫై ఉన్న చిన్న చిప్పు బోర్డు), తడికి తట్టుకునే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సార్, ఒక రిలే (బోర్డు చెప్పినట్టు ఆన్, ఆఫ్ అయ్యే చిన్న స్విచ్), మోటారుకు కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్), ఇంతే సరంజామా. బోర్డు ఐదొందల లోపే వచ్చింది. ఇలాంటిదే మరో బోర్డు, పాత ఆర్డుయినో ఊనో (ఆర్3)లో వైఫై లేదు, ర్యామ్ 2 కిలోబైట్లే. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మంచిదే గానీ కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట దాని మెమరీ కార్డు పాడవకుండా ఉంటుందని నాకు నమ్మకం లేదు. ఈఎస్‌పీ32 అయితే కరెంటు రాగానే మారుమాట లేకుండా లేచి పనిలో పడుతుంది.

సెన్సార్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇది శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కేస్తుంది, కానీ గాలి వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లుంటే 45 దగ్గర దాదాపు 358 ఉంటుంది. రోహిణి కార్తెలో మన మేడల మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు లోపల గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, మధ్యాహ్నం మోటారు వేయకుండానే నీళ్లు మూడు సెంటీమీటర్లు పెరిగినట్టు చూపిస్తుంది! డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సార్ ఒకటి లోపల వేలాడదీసి, కోడ్‌లో రెండు లైన్లు రాస్తే ఆ తేడా పోయింది. నాకు ఈ ప్రాజెక్టులో బాగా నచ్చింది ఇదే, వైర్లు ఎంత బాగా కలిపినా లెక్క కోడ్‌లోనే తేలాలి. ఇంకో సంగతి, ఈ సెన్సార్ 20-25 సెంటీమీటర్ల కంటే దగ్గరున్నదాన్ని కొలవలేదు, కాబట్టి నిండు మట్టానికి అంత పైనైనా బిగించాలి. దాన్ని 5 వోల్టులతో నడిపితే అది బోర్డుకు పంపే ఎకో సిగ్నల్ కూడా 5 వోల్టులే వస్తుంది, బోర్డు పిన్నుకు 3.3 దాటకూడదు, మధ్యలో ఆ వోల్టేజీని తగ్గించే 1కే, 2కే (కిలో ఓమ్‌ల) రెసిస్టర్లు తప్పనిసరి.

రిలే దగ్గర జాగ్రత్త. ఆ చిన్న నీలం రిలేతో మోటారును నేరుగా నడపొద్దు, అది కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే ఆడించాలి, ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. బోర్డు ఆన్ అయ్యేటప్పుడు కొన్ని పిన్నుల్లో సిగ్నల్ ఎగురుతుంది, 14, 15 లాంటి వాటికి రిలే కలిపితే కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు ఒక్కసారి ఉలిక్కిపడే ప్రమాదముంది.

కోడ్‌లో అన్నిటికంటే డబ్బు మిగిల్చింది డ్రై రన్ కాపలా. ఎండాకాలం బోరులో నీళ్లు దిగిపోతే మోటారు ఉత్తినే తిరిగి కాలిపోతుంది, అందుకే మోటారు ఆన్ అయిన కొన్ని నిమిషాల్లో మట్టం పెరగకపోతే ఆపేసి గంట తర్వాత మళ్లీ చూస్తుంది. ఇదంతా బోర్డులోనే నడుస్తుంది, ఇంటర్నెట్ ఫోన్‌లో చూసుకోవడానికి మాత్రమే. నెట్ పోతే ఆగిపోయే ప్రాజెక్టు ఇంటికి పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

బాగోలేనివీ ఉన్నాయి. సోల్డర్ లేకుండా గుచ్చే జంపర్ వైర్ల కొనలు ఇక్కడి ఉప్పు గాలికి ఒక్క వానాకాలంలోనే చిలుము పట్టాయి, అన్నీ సోల్డర్ చేసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాక కుదుటపడింది. అక్టోబరు, నవంబరు వానల్లో సెన్సార్ ముఖం మీద నీటిబొట్లు చేరి పిచ్చి రీడింగులు ఇస్తుంది. ఐదు రీడింగులు తీసి మధ్యదాన్ని మాత్రం నమ్మితే చాలావరకు సర్దుకుంటుంది, పూర్తిగా పోదు.

ఇది చూసి అల్లూరు దగ్గర రొయ్యల చెరువులున్న మా బావమరిది నీళ్లలో ఆక్సిజన్ కొలిచేది చేసిమ్మంటున్నాడు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని వాళ్లకు రోజూ టెన్షనే. కానీ ఆ ప్రోబ్ ఖరీదు ఎక్కువ, నాచు పట్టకుండా తుడుస్తూ క్యాలిబ్రేషన్ చేస్తూ (కొలత సరిచూస్తూ) ఉండాలి, హాబీ వాళ్లు తలకెత్తుకునే పని కాదని చెప్పేశాను. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్‌కు కరెంటు పోతే ఫోన్ మోగేలా మాత్రం చేసిస్తానన్నాను. చెరువు దగ్గర వైఫై ఉండదు, సిమ్ కార్డుతో నడిచే సిమ్800ఎల్ మాడ్యూల్ పెట్టాలి, అది 2జీ మీదే పనిచేస్తుంది కాబట్టి జియో సిమ్ కుదరదు, ముందు గట్టు మీద ఎయిర్‌టెల్ 2జీ సిగ్నల్ ఎంతుందో చూసి చెప్పమన్నాను.