బోల్జానోలో పారబోసిన 72 యూరోలు, తెర్లానోలో పన్నెండేళ్ళ వైట్ వైన్

బోల్జానోలో 72 యూరోలు పెట్టి ఒక వైన్ సీసా కొన్నాం. ఆ రాత్రే సింకులో పారబోశాం. ఇదంతా రాయడానికి కారణం అదే. మిగతా ట్రిప్పు బాగానే జరిగింది. కేబుల్ కారు ఎక్కాం, 1991లో మంచులో దొరికిన ఏట్సీ మమ్మీని చూశాం, వాన పడలేదు.

మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఏప్రిల్‌లో తెనాలి నుంచి మామయ్యగారు వచ్చారు. ఇటలీ అనగానే ఆయన రోమ్ అనుకున్నారు. మేం తీసుకెళ్ళింది బ్రెన్నర్ కనుమ దాటగానే వచ్చే సౌత్ టిరోల్‌కి. నేరుగా రైలుంది, నాలుగు గంటలు పడుతుంది, ముందే కొన్నాం కాబట్టి తలకి 34 యూరోలైంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాకే ఈ ప్రాంతం ఆస్ట్రియా చేతిలోంచి ఇటలీకి పోయింది. అందుకే ప్రతి బోర్డూ రెండు భాషల్లో ఉంటుంది, బోల్జానో అని ఇటాలియన్‌లో, బోట్సెన్ అని జర్మన్‌లో. "మన హోసూరులా ఉందే" అన్నారు మామయ్యగారు.

బస గురించి ఎక్కువ చెప్పను, చెప్తే కోపమొస్తుంది. మూడు రాత్రులకి 388 యూరోలని ఆన్‌లైన్‌లో చూసి ఫ్లాట్ తీసుకున్నాం. తాళం చేతికిచ్చేటప్పుడు క్లీనింగుకి ఇంకో 60, అదీ నగదుగా అన్నారు. అక్కడ చాలా బసల్లో అతిథులకి బస్సులూ లోకల్ రైళ్ళూ ఉచితంగా ఎక్కే గెస్ట్ పాస్ ఇస్తారు. మాకు ఇవ్వలేదు. బుక్ చేసే ముందే పాస్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ముగ్గురికి మూడు రోజుల టికెట్లంటే చిన్న ఖర్చు కాదు.

ఇక ఆ సీసా. నాకు వైన్ పిచ్చి ఈ మధ్యే పట్టింది. వైట్ వైన్ ఏడాది రెండేళ్ళలో తాగేయాలని అందరూ చెప్తారు, చాలా వాటికి అది నిజం కూడా. కానీ ఈ లోయలో, ముఖ్యంగా తెర్లానో అనే పక్క ఊరి చుట్టుపక్కల, ఇరవై ఏళ్ళు దాటినా చెక్కుచెదరని వైట్ వైన్లు ఉంటాయని చదివాను. అందుకని పాతబస్తీ ఆర్కేడ్ల కింద ఒక షాపు అద్దాల్లో 2009 అని లేబుల్ కనబడగానే కాళ్ళు ఆగిపోయాయి. "ఈ లోయ వైన్ ఎంత పాతదైతే అంత మంచిది" అన్నాడు షాపతను. నేను నమ్మేశాను. అది త్వరగా తాగేయాల్సిన మామూలు వైట్ వైన్, పినో గ్రీజో అనీ, షోకేసులో ఎండ తగిలేచోట ఎన్నాళ్ళ నుంచి నిలబడి ఉందో ఎవరికీ తెలియదనీ అప్పుడు తట్టలేదు. వేసవిలో బోల్జానో ఇటలీలోనే బాగా వేడెక్కే ఊళ్ళలో ఒకటి. చుట్టూ కొండలు, మధ్యలో మూకుడు లాంటి ఊరు.

రాత్రి తీస్తే కార్క్ పొడిపొడిగా రాలింది. గ్లాసులో పోస్తే బాగా మరిగిన డికాషన్ రంగు. తడిసిన అట్టపెట్టె వాసన, కోసి మర్చిపోయిన ఆపిల్ ముక్క వాసన. మా ఆవిడ గ్లాసు కింద పెట్టేసి నా మొహం కూడా చూడలేదు. మామయ్యగారు తాగరు. ఒక్కసారి వాసన చూసి, "అల్లుడుగారూ, మా ఊళ్ళో కల్లు సాయంత్రానికే పులుస్తుంది. మీరు పదిహేనేళ్ళది కొన్నారా!" అన్నారు. పొద్దున్నే సీసా పట్టుకుని షాపుకి వెళ్ళాను. "పాతది ఇలాగే ఉంటుంది" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు, ఇంకోటి కొంటే పది శాతం తగ్గిస్తానన్నాడు. నా పక్కన నిలబడిన మా ఆవిడ తెలుగులో అన్నది ఇక్కడ రాయకూడదు.

మూడో రోజు తెర్లానో వెళ్ళడం ఆవిడకి ఇష్టంలేదు. "ఇంకో 72 ఎక్కడ పారబోస్తారు?" అంది. పావుగంట కూడా పట్టని రైలు ప్రయాణానికి దారంతా మౌనవ్రతం. దిగాక మాత్రం మనసు మెత్తబడింది. కింద లోయ నిండా ఆపిల్ తోటలు, పైన ఎర్రటి రాతి కొండ మీద మెట్లుమెట్లుగా ద్రాక్ష. ఆ ఎర్ర రాయి పోర్ఫిరీ, ఎప్పటివో అగ్నిపర్వతాలు వదిలి వెళ్ళింది.

స్టేషన్‌కి దగ్గర్లో ఒక చిన్న హోటల్. తెర్లానో తెల్ల ఆస్పరాగస్ అనే కాడల కూరకి పేరు, మేం వెళ్ళింది సరిగ్గా సీజన్లో. ఉడకబెట్టిన గుడ్లు మెత్తగా చిదిమి, ఆవ ముద్ద, నూనె కలిపిన సాస్‌తో ఇస్తారు, ప్లేటు 19.50. మామయ్యగారికి నచ్చలేదు. "ఉప్పు మర్చిపోయిన మునక్కాడ" అని పక్కన పెట్టారు. ఆయన్ని కాపాడింది ష్లుట్స్‌క్రాప్‌ఫెన్. పాలకూర, రికోటా చీజ్ కూరిన పాస్తా, చూడ్డానికి అచ్చం బుల్లి కజ్జికాయ, మీద కరిగిన వెన్న. 14 యూరోలు, రెండు ప్లేట్లు తిన్నారు. శాకాహారులకి ఒక హెచ్చరిక: క్నోడెల్ అనే రొట్టె ఉండల్లో పంది మాంసం ముక్కలు తరచుగా ఉంటాయి. పాలకూరదా, చీజ్‌దా అని అడిగి మరీ తీసుకోండి.

వైన్ జాబితాలో గ్లాసు లెక్కన 2012 పినో బియాంకో రిజర్వా (ఎక్కువ కాలం నిలవుంచాకే అమ్మే వైట్ వైన్) ఉంది, ఫోర్‌బెర్గ్ అనే ఎత్తు వాలు తోటలది, గ్లాసు 13 యూరోలు. నేను అడగడానికి భయపడ్డాను. వడ్డించే ఆవిడే సీసా తెచ్చి చూపించి, కొంచెం పోసి, "పది నిమిషాలు ఆగండి, చల్లదనం పోనివ్వండి" అంది. మొదట చెకుముకి రాయి కొట్టినప్పుడు వచ్చే వాసన వచ్చింది. తర్వాత మెల్లగా తేనె, ఎండిన చామంతి, బాదం. రంగు లేత బంగారం. నోట్లో పోసుకుంటే పుల్లమామిడి ముక్క కొరికినంత చురుకు! పన్నెండేళ్ళదంటే నమ్మలేం. మా ఆవిడ నా గ్లాసు లాక్కుని ఒక గుక్క తాగింది. సీసా పారబోశాక మొదటిసారి నవ్వింది. వెంటనే ఇంకో గ్లాసు చెప్పాం.

అదెలా నిలుస్తుందని వడ్డించే ఆవిణ్ణి మామయ్యగారే అడిగించారు. పగలు ఎండ కాసినా రాత్రి కొండల నుంచి దిగే చల్లగాలికి ద్రాక్షలో పులుపు తగ్గదట. రసం పులిశాక అడుగున మిగిలే ఈస్ట్ మడ్డిని వెంటనే తీసేయకుండా నెలల తరబడి దానిమీదే ఉంచుతారట. ఊళ్ళో వైనరీ 1893లో రైతులు పెట్టుకున్న సహకార సంఘం. "మన పాల సొసైటీ" అన్నారాయన. అక్కడ సెబాస్టియన్ స్టాకర్ అనే పాత సెల్లార్ మాస్టర్ (వైన్ తయారీ చూసుకునే పెద్ద) ఏటా కొన్ని సీసాలు అమ్మకుండా దాచేవాడు. వైట్ వైన్‌కి వయసేంటని నవ్వే రోజుల్లోనే. ఇప్పుడు స్టీల్ ట్యాంకుల్లో పదేళ్ళకి పైగా మడ్డి మీదే ఉంచి, ఆ తర్వాతే సీసాకెత్తే వైన్ కూడా ఒకటి చేస్తున్నారు. దాని ధర చూసి జాబితా మూసేశాను.

"అయితే ఇది పాత బియ్యం సంగతే. అన్ని బియ్యాలూ పాతబడవు, కొన్ని పురుగు పడతాయి" అన్నారు మామయ్యగారు. మా ఆవిడ నావైపు చూసింది. నేను చూపు ఆస్పరాగస్ మీదికి తిప్పాను.

మీరు వెళ్తే పాత సీసాని షాపు షోకేసులోంచి మాత్రం కొనకండి. లేబుల్ మీద రిజర్వా అని ఉందా, సీసాలో వైన్ మెడ దాకా ఉందా, ఇన్నాళ్ళూ ఎక్కడ పెట్టారు, ఇవి చూసుకోండి. సీసా పడుకోబెట్టి లేకపోతే బయటికి నడవండి. అసలు మొదటిసారి గ్లాసుతోనే రుచి చూడండి, 13 యూరోలతో పోతుంది.

కొత్త రిజర్వా రెండు సీసాలు కొన్నాం, ఒక్కోటి 33. తిరుగు రైలు బ్రెన్నర్‌లో యాభై నిమిషాలు ఆగిపోయింది. సామాన్ల అరలో పెడితే కుదుపులకి పాడవుతాయని మామయ్యగారు ఆ సంచిని దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఇప్పుడవి మా అపార్ట్‌మెంట్ కింద సెల్లార్‌లో, ఆవకాయ జాడీ వెనక పడుకుని ఉన్నాయి. వాటికి మా ఆవిడ ఒక చీటీ అంటించింది: "2034 దాకా ముట్టుకుంటే ఊరుకోను."