మాస్క్ వెంటిలేషన్‌లో రెండు చేతుల పట్టు: చాలాకాలం వాడాక నా మాట

ఒంగోలు, కందుకూరు నర్సింగ్ హోముల్లో మత్తు ఇవ్వడం నా పని. మత్తులో ఉన్న రోగికి ముక్కూ నోరూ కప్పే మాస్క్‌తో ఊపిరి అందించడమే మాస్క్ వెంటిలేషన్. మాస్క్ పట్టుకోవడానికి మాకు మొదట నేర్పేది, వేళ్లు ఇంగ్లిష్ C, E అక్షరాల్లా కనిపించే ‘సి-ఇ’ పట్టు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక మీద, కుడిచేత్తో గాలి పంపే బ్యాగ్ నొక్కడం. సన్నటి మనిషికి ఇది చాలు. లావుగా ఉన్నవాళ్లకు, పళ్లు లేని పెద్దవాళ్లకు కుడి బుగ్గ దగ్గర గాలి బుస్సుమని పోతూనే ఉంటుంది.

అందుకే అలాంటివాళ్లకు మొదటినుంచే రెండు చేతులూ వేస్తాను. బొటనవేళ్లు, వాటి కింది కండ మాస్క్ రెండు అంచుల మీద ఆనుతాయి. మిగతా వేళ్లు దవడ మూలల వెనక నుంచి పైకి ఎత్తుతాయి. గడ్డం కింద మెత్తటి చోట వేళ్లు గుచ్చకూడదు, పిల్లల్లో అయితే ఊపిరి దారే మూసుకుపోతుంది.

మరి బ్యాగ్ ఎవరు నొక్కాలి? చిన్న ఆసుపత్రిలో నాకు దొరికేది ఒక్క సిస్టరే, ఆమె చేతిలో ఇంజక్షన్లుంటాయి. వెంటిలేటర్‌ని ప్రెజర్ కంట్రోల్‌లో (మనం పెట్టిన ఒత్తిడితో మెషినే ఊపిరి పంపే మోడ్) 15 సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి పెట్టుకుంటే నా చేతులు మాస్క్ మీదే ఉంటాయి. 20 దాటితే గాలి పొట్టలోకి పోయే ప్రమాదం ఎక్కువ, ఆపైన వాంతి టెన్షన్. ఛాతీ లేవడం, కాప్నోగ్రాఫ్‌లో (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని చూపే పరికరం) గీత రావడం చూస్తూ ఉంటే చాలు. పాత మెషిన్లలో ఈ మోడ్ ఉండదు, అక్కడ మనిషి సాయం తప్పదు.

ఈ పట్టు విలువ బాగా తెలిసేది కనిగిరి వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ల దగ్గర. ఫ్లోరైడ్ నీళ్లతో కొందరికి మెడ కొయ్యబారి ఉంటుంది. “పైకి చూడు తాతా” అంటే తల కదలదు, కళ్లు మాత్రమే పైకి తిప్పుతాడు. ఆ మెడను బలవంతంగా వంచకూడదు. దవడ ఎత్తి, నోట్లో గ్యుడెల్ ఎయిర్‌వే (నాలుక దారికి అడ్డుపడకుండా ఉంచే వంపు గొట్టం) పెట్టడమే నేను చేసేది. ముందురోజే మెడ చూసుకుంటే ఆపరేషన్ బల్ల దగ్గర కంగారుండదు.

మాల వేసుకున్న స్వాముల గడ్డానికి మాత్రం ఈ పట్టు కూడా పూర్తి మందు కాదు. జెల్లీ రాస్తే కొంత నయం, కానీ మాస్క్ జారుతుంది.

లోపాలూ ఉన్నాయి. నా మణికట్లు లాగేస్తాయి, మర్నాడు రోగి దవడ నొప్పి అనొచ్చు. ఇంకోటి, మాస్క్ అంచున ఉండే గాలి దిండు టైరులా బిగిసి ఉంటే ఎన్ని చేతులు వేసినా లీకే. సిరంజితో కాస్త గాలి తీసి, వేలితో నొక్కితే లొంగేలా ఉంచుకోండి.